ఒక తత్త్వవేత్త ముఖపు అచ్చు

2022 నవంబర్. కార్ల్స్‌రూహె ఊరి చివర, ట్రామ్ దిగి కాస్త నడిస్తే మా ల్యాబ్ వస్తుంది. నేను అక్కడ సీటీ ఇంజినీర్‌ని. సీటీ అనగానే మావాళ్ళందరూ ఆసుపత్రే అనుకుంటారు. వరంగల్‌లో మా పిన్ని ఇప్పటికీ తన మోకాలి రిపోర్టులు నాకు వాట్సాప్‌లో పంపి, "ఏమన్నా ఉన్నదా చూడే" అంటుంది. మా మెషీన్‌లోకి మనుషులు వెళ్ళరు, కార్ల విడిభాగాలు వెళ్తాయి. అల్యూమినియం కరిగించి అచ్చులో పోసినప్పుడు లోపల గాలి బుడగలు ఇరుక్కుపోతాయి. వాటిని పోరాసిటీ అంటాం. బయటికి నున్నగా మెరిసే బ్రేకు ముక్క లోపల ఒక్క బుడగ తప్పుడు చోట ఉంటే, ఎక్కడో హైవే మీద ఎవరి ప్రాణమో పోతుంది.

పని చూడ్డానికి తేలికే. సీసపు తలుపుల గదిలో వస్తువును తిరిగే బల్ల మీద పెట్టి ఎక్స్‌రేలు పంపుతాం. బల్ల కొద్దికొద్దిగా తిరుగుతుంటే నీడ బొమ్మలు వస్తాయి. కంప్యూటర్ వాటన్నిటినీ కలిపి వస్తువును లోపలా బయటా మళ్ళీ కట్టి చూపిస్తుంది. ఆ తర్వాత స్క్రీన్ మీద ఎక్కడ కావాలంటే అక్కడ కోసి చూడొచ్చు, అసలు వస్తువుకి గీత కూడా పడదు. ఈ మెషీన్ ముందు ఏ వస్తువూ ఏదీ దాచలేదని నాకు గట్టి నమ్మకం. కస్టమర్ల దగ్గర కూడా ఆ ధీమాతోనే మాట్లాడేదాన్ని.

ఆ నెలలో ఒక యూనివర్సిటీ మ్యూజియం వాళ్ళ నుంచి మాకు అలవాటు లేని పని వచ్చింది. గత శతాబ్దంలో అక్కడ పాఠాలు చెప్పిన ఒక తత్త్వవేత్త మీద ఎగ్జిబిషన్ పెడుతున్నారు. ఆయన పేరు ఇక్కడ రాయను. తనకు తానుగా తేల్చుకోనిది ఏదీ నమ్మొద్దని జీవితమంతా చెప్పిన మనిషి. ఇక్కడ పెద్దవాళ్ళు పోయినప్పుడు ముఖం మీద ప్లాస్టర్ పోసి అచ్చు తీసే ఆచారం ఒకప్పుడు ఉండేది. ఆ అచ్చులోంచి తీసిన ముఖాన్ని టోటెన్‌మాస్కె అంటారు, అంటే చనిపోయినవారి ముఖం. ఈయన ముఖం నకళ్ళు రెండు మూడు ఊళ్ళ లెక్చర్ హాళ్ళలో గోడలకు ఉన్నాయి. పరీక్షల ముందు పిల్లలు తాకి తాకి ఒకదాని గడ్డం నల్లబడిపోయిందట. పెదవుల చివర ఉన్న చిన్న నవ్వు చూసి, చావుకు భయపడని మనిషి ముఖం ఇలా ఉంటుందని ఆయన శిష్యులు చెప్పుకునేవారట. మ్యూజియం వాళ్ళకు కావలసింది నకలు కాదు, మొదటి అచ్చు నుంచి తీసిన డిజిటల్ ముఖం. ఆ అచ్చు ఆయన మనవరాలు ఫ్రావ్ వెల్నర్, అంటే శ్రీమతి వెల్నర్, ఇంట్లో ఉంది.

ఆవిడ దాన్ని కొరియర్‌లో పంపనన్నారు. ఎనభై దాటిన మనిషి, బట్టలు ఉతకడానికి వేసుకెళ్ళే బుట్టలో అచ్చును దుప్పటిలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, రైల్లో, ట్రామ్‌లో తనే తెచ్చారు. సన్నటి మనిషి, జుట్టు పూర్తిగా తెల్లన. నేను బుట్ట అందుకోబోతే, "వద్దు, నేను అలవాటు పడ్డాను" అన్నారు.

దుప్పటి తీశాక నాకు మొదట ఏమీ అర్థం కాలేదు. అచ్చు అంటే గుంత కదా, ముఖం లోపలికి ఉండాలి. కానీ కిటికీ వెలుతురులో అది ఉబ్బెత్తు ముఖంలాగే కనిపించింది. ముక్కు నా వైపు, మూసిన కళ్ళు నా వైపు. నేను టేబుల్ చుట్టూ నడిస్తే ఆ ముఖం కూడా నాతోపాటే నెమ్మదిగా తిరిగింది. గుంత ముఖాన్ని కూడా మన కన్ను మామూలు ముఖంగానే చదువుతుందని, అందుకే అది మనవైపు తిరిగినట్టు ఉంటుందని తర్వాత చదివి తెలుసుకున్నాను. తెలిసినా తిరగడం ఆగలేదు.

నాతో పనిచేసే శీను కాకినాడ వాడు, సాఫ్ట్‌వేర్ చూస్తాడు. ప్రతి దసరాకీ మా మెషీన్ తలుపుకి కుంకుమ బొట్టు పెట్టేది వాడే. వాడు ఒక్కసారి అటు నడిచి, ఇటు నడిచి, గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"అక్కా, ఆయన నన్నే చూస్తున్నారండి బాబూ. కళ్ళు మూసుకుని మరీ చూస్తున్నారు."

"ఊకోరా. ప్లాస్టర్ ముక్క నిన్నెందుకు చూస్తది?"

"మీరు కాఫీకి వెళ్తే నేనూ వచ్చేస్తా. ఇక్కడ ఒక్కణ్ణీ కూర్చోమనకండి, చెప్తున్నా."

నవ్వాను గానీ, ఆ రోజు కాఫీకి ఇద్దరం కలిసే వెళ్ళాం.

తిరిగొచ్చేసరికి ఫ్రావ్ వెల్నర్ నాకోసం ఎదురు చూస్తున్నారు. మ్యూజియం వాళ్ళకు తెలియకూడదని ముందే మాట తీసుకుని, గొంతు తగ్గించి అడిగారు.

"గాలి బుడగలు వెతకడమే మీ పని అన్నారు. ఇందులో ఊపిరి కనిపిస్తుందా?"

"ఎవరి ఊపిరి?"

"మా తాతది. ఈ ప్లాస్టర్ పోసినప్పుడు ఆయన నిజంగా పోయారా, ఇంకా ఉన్నారా? నాకు అది తెలియాలి. నేను చాలా చిన్నపిల్లని, కానీ ఆ గదిలోనే ఉన్నాను. ఆయన ఇంకా ఉన్నారని నాకు అనిపించింది. అమ్మతో ఒక్కసారి అన్నాను, చెంప మీద కొట్టింది. మళ్ళీ ఎవరితోనూ అనలేదు. నేను ఇంకెన్నాళ్ళో ఉండను. దీనికి ఒప్పుకున్నది కూడా ఎగ్జిబిషన్ కోసం కాదు."

నేను తడుముకోకుండా జవాబు చెప్పాను. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు కింద మనిషి ఊపిరి తీస్తుంటే, ఆ గాలి ఎటో ఒకవైపు వెళ్ళాలి, వెళ్తే జాడ ఉంటుంది, జాడ ఉంటే నాకు కనిపిస్తుంది. ఆవిడ తల ఊపి, సీసపు గాజు కిటికీ ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. స్కాన్ అయ్యేవరకు కదలనన్నారు.

మెషీన్ పని చేస్తున్నప్పుడు మామూలుగా మేం స్క్రీన్ వైపు పెద్దగా చూడం. గేర్‌బాక్స్ ముక్క తిరుగుతుంటే చూడ్డానికి ఏముంటుంది? ఆ రోజు మాత్రం ఇద్దరం కళ్ళప్పగించి చూశాం. బూడిద రంగు నీడలో నుదురు, కనురెప్పలు, పెదవులు. బల్ల తిరిగే కొద్దీ ముఖం పక్కకు వెళ్ళి సన్నబడి, మళ్ళీ ఇటు వచ్చేది. ఎదురుగా వచ్చిన ప్రతిసారీ అది గుంత ముఖమో ఉబ్బు ముఖమో తెలిసేది కాదు. గదిలో ఫ్యాన్ల హోరు తప్ప ఏమీ లేదు. బయట మధ్యాహ్నానికే మబ్బు పట్టి చీకటి పడినట్టు అయింది. కిటికీ దగ్గర ఫ్రావ్ వెల్నర్ కదలకుండా కూర్చున్నారు. గాజులో ఆవిడ ముఖం, స్క్రీన్ మీద ఆ ముఖం ఒకే పోలిక. శీను మధ్యలో ఆంజనేయ దండకం గొణుక్కోవడం నాకు వినబడింది, విననట్టు ఊరుకున్నాను.

కంప్యూటర్ బొమ్మ కట్టి ఇచ్చాక నేరుగా ముక్కు దగ్గరికి వెళ్ళాను. అచ్చులో ఆ చోట రెండు చిన్న బుడిపెలు ఉన్నాయి. పైన లక్క పూత పూసి ఉండడంతో కంటికి ఉత్త ప్లాస్టర్‌లాగే ఉన్నాయి. స్క్రీన్ మీద కోసి చూస్తే లోపల ప్లాస్టర్ కాదు, సన్నటి పోగులు. ముద్దగా చుట్టిన పోగులు.

"దూది" అన్నాం ఇద్దరం ఒకేసారి.

మన ఇళ్ళల్లో చావు చూసినవాళ్ళకు ఎవరికైనా ఆ దృశ్యం తెలుసు. ముక్కులో దూది పెట్టారంటే ఇంక మాటే లేదు, మనిషి అయిపోయినట్టే. మా నాయనమ్మ ముక్కులో దూది చూశాకే, ఆమె ఇక లేవదని నా చిన్నప్పుడు నాకు అర్థమైంది. శీను "హమ్మయ్య" అని కుర్చీలో వాలాడు. నాకూ గుండె తేలికపడింది. బుడగలు, పొరలు, పెదవులు ఏమీ చూడకుండా, స్కాన్‌ని అక్కడే వదిలేసి శుభవార్త చెప్పడానికి వెళ్ళాను.

మీటింగ్ గదిలో ఆవిడకు టీ పోసి, నవ్వుతూ చెప్పాను. "మీరు ఇంక దిగులు పడక్కర్లేదు. ఆయన ముక్కులో దూది ఉంది. ప్లాస్టర్ పోయకముందే పెట్టారు, అచ్చు ఎత్తినప్పుడు దానికి అంటుకుని వచ్చేసింది. అంటే అప్పటికే ఆయన పోయారు."

ఆవిడ కప్పు కింద పెట్టారు. తర్వాత చూపుడు వేలు ఎత్తి, దాన్ని తనే చూసుకున్నారు.

"ఆ దూది పెట్టింది నేనే."

నేను చేతిలోని టీ కెటిల్ కింద పెట్టాను.

"అచ్చు తీయడానికి వచ్చినాయన మా తాతకు స్నేహితుడు, శిల్పి. ఆయన చేతులనిండా గ్రీజు. ముఖానికి రాస్తారు, ప్లాస్టర్ అంటుకోకుండా. అమ్మమ్మ పక్క గదిలో పడిపోతే అందరూ అటు వెళ్ళారు. ఆయన నన్ను పిలిచి, నీ వేళ్ళు చిన్నవి, ఇది నువ్వు పెట్టు అన్నాడు. ప్లాస్టర్ లోపలికి పోకుండా పెట్టే దూది. ఒకటి పెట్టాను. రెండోది పెడుతుంటే నా వేలికి గాలి తగిలింది. వెచ్చగా. గాలి వచ్చింది అని చెప్పాను. పోయినవాళ్ళ నుంచి కూడా వస్తుంది, తొందరగా కానీ అన్నాడు. పెట్టేశాను."

వేలు దించి, ఒళ్ళో పెట్టుకున్నారు. "అచ్చుకు ముందే తాత పోయారా అని కాదు, నిజానికి నేను అడగాలనుకున్నది. ఆయన ఊపిరి నేను మూశానా అని."

ఏ దూదిని చూపించి నిశ్చింతగా ఉండమన్నానో, ఆవిడకు జీవితమంతా నిద్ర లేకుండా చేసింది ఆ దూదే. నేను కాసేపు కూర్చోమని, పరుగున స్క్రీన్ దగ్గరికి వెళ్ళాను.

విషయం శీనుకి చెప్పాను. ఇద్దరం మొదటి నుంచీ మొదలుపెట్టాం. ఊరికే చూస్తే ఏం చూడాలో తెలియడం లేదు. ఉన్నట్టుండి శీను తన ముక్కు గట్టిగా మూసుకున్నాడు.

"అక్కా, చూడండి." కొద్దిసేపటికే వాడి పెదవులు అదిరి, నోరు తెరుచుకుంది. "ముక్కు మూస్తే నోరు ఊరుకోదు కదండీ. స్పృహ లేకపోయినా ఒంట్లో ప్రాణముంటే నోరు తెరుచుకోవాల్సిందే. పెదాలు చూడండి."

వాడు చెప్పింది నిజమే అనిపించింది. పెదవుల మీది ప్లాస్టర్‌ని పొర పొరగా కోశాను. మొదట పల్చగా పోసిన పొర, దాని మీద మందంగా పోసినది, రెండూ విడివిడిగా కనిపిస్తున్నాయి. పెదవుల మీది సన్నటి పగుళ్ళు కూడా చెక్కుచెదరకుండా దిగాయి. పెదవుల మధ్య గీత దగ్గర ఒక్క బుడగ లేదు. దూది చుట్టూ ప్లాస్టర్ అంచు బకెట్‌లో నిలిచిన నీళ్ళలా సమంగా ఉంది. లోపలికి పీల్చినట్టు గానీ, బయటికి నెట్టినట్టు గానీ జాడ లేదు. ప్లాస్టర్ గట్టిపడడానికి పట్టేంతసేపు, ముక్కు మూసిన మనిషి ఎవరూ అలా ఉండలేరు.

"పోయారక్కా. అప్పటికే పోయారు" అన్నాడు శీను. అంతలోనే స్క్రీన్ మీద వేలు పెట్టాడు. "మరి ఇదేంటండీ?"

ఎడమ కనురెప్ప. వెంట్రుకల అచ్చు కుడి కంటికి ఒక వరుసే ఉంది, ఎడమ కంటికి రెండు వరుసలు. ఒకదాని కింద ఒకటి, దగ్గర దగ్గరగా. ప్లాస్టర్ ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు ఆ రెప్ప కదిలింది.

ప్లాస్టర్ బరువుకి జారి ఉంటుందన్నాను. గ్రీజు ఎక్కువై ఉంటుందన్నాడు శీను. రెండూ జరగగలిగేవే. ఏది జరిగిందో ఆ మెషీన్ చెప్పదు. నేను ఈ ఉద్యోగంలో చేరాక ఎన్నో చూశాను, కానీ అంత చిన్న గీతను చూసి అంత భయపడింది అప్పుడే.

"చెప్పొద్దక్కా" అన్నాడు శీను. "ఆవిడ అడిగింది ఊపిరి గురించి. రెప్ప గురించి కాదు."

మా వృత్తిలో ఒక నియమం ఉంది. కస్టమర్ అడిగిన చోటే కాదు, చూసినంత మేరా ఏం కనిపించినా చెప్పాలి. దాచిన బుడగ ఎవరి ప్రాణం తీస్తుందో మనకు తెలియదు. అది లోహానికి చేసిన నియమం, మనుషులకు కాదని నాకూ తెలుసు. అయినా చెప్పాను. ముందు పెదవులు చూపించాను, ముక్కు మూసుకుని చూడమన్నాను, దూది చుట్టూ అంచు చూపించాను. వేలికి తగిలిన గాలి గురించి నాకు తోచింది చెప్పాను. ఒళ్ళు ఇంకా వెచ్చగా ఉండి ఉంటుంది, శిల్పి ఆయన మీదికి వంగినప్పుడు ఛాతీ మీద బరువు పడి లోపలి గాలి వచ్చి ఉంటుంది. చివర్లో రెప్ప చూపించాను.

ఆవిడ చాలాసేపు చూశారు. "బరువుకి జారిందంటారా?"

"జారి ఉండొచ్చు. నేను కచ్చితంగా చెప్పలేను."

"పెదవులు?"

"పెదవుల గురించి కచ్చితంగా చెప్పగలను. అవి కదల్లేదు."

ఆవిడ లేచి, అచ్చు దగ్గరికి వెళ్ళి, చూపుడు వేలిని ఆ బుడిపె మీద ఆనించారు. అక్కడే ఉంచారు. "చల్లగా ఉంది" అన్నారు. కళ్ళ నీళ్ళు తుడుచుకుని, నా రెండు చేతులూ పట్టుకుని థాంక్స్ చెప్పారు. నాకూ ఏడుపు ఆగలేదు. దుప్పటి చుట్టి బుట్ట అందిస్తే, ఈసారి నన్ను ట్రామ్ దాకా మోయనిచ్చారు. ఎగ్జిబిషన్‌కి ఆ ముఖం వెళ్ళింది, దూది లేకుండా, రెండో వరుస వెంట్రుకలు చెరిపేసి. అది మ్యూజియం వాళ్ళ నిర్ణయం. నేను చూడ్డానికి వెళ్ళలేదు.

పని పూర్తయిందనీ, బాగా పూర్తయిందనీ అనుకున్నాను. కొత్తగా చేరినవాళ్ళకు ఈ కథ చెప్పి, ముక్కు మూసుకోమని, చూశారా మెషీన్ ఎలా తేల్చిందో అని గొప్పలు కూడా పోయాను.

కిందటేడు ఒక ఉదయం ల్యాబ్‌కి ఫోన్ వచ్చింది. ఫ్రావ్ వెల్నర్ మేనకోడలు. ఆవిడ ఆ తెల్లవారుజామునే పోయారట, వృద్ధాశ్రమంలో, నిద్రలోనే. ఇక్కడ శవాన్ని సిద్ధం చేసే పని బెస్టాటర్ అనే మనిషి చేస్తాడు. అతను వచ్చి గదిలో ఉన్నాడు. మేనకోడలు కాస్త ఇబ్బంది పడుతూనే అడిగింది.

"మా అత్త ఒక్కటే కోరింది. తను పోతే ముక్కులో దూది పెట్టనివ్వొద్దని. ఎందుకని అడిగితే, కార్ల్స్‌రూహెలో ఉన్న ఇండియన్ ఇంజినీర్‌ని అడగమంది. ఈయనేమో అది మామూలు పద్ధతే, పెట్టకపోతే బాగుండదంటున్నాడు. మీకేమైనా తెలుసా?"

పెదవులు చూపించాను, అంచు చూపించాను, ఆవిడ ఏడ్చి నా చేతులు పట్టుకున్నారు. ఇంటికి వెళ్ళాక, అన్నీ విన్నాక కూడా, ఆవిడ ఆ రెప్పనే తలుచుకున్నారో, లేక నేను చెప్పినదేదీ ఆ వేలి దాకా వెళ్ళనే లేదో. ఏ కస్టమర్ కూడా నన్ను అంతగా నమ్మలేదు, ఏ కస్టమర్ కూడా నన్ను అంతగా అనుమానించలేదు.

ఆవిడతో నేను తేల్చి చెప్పిన మాటలన్నీ గుర్తున్నాయి. వాటిలో ఒక్కటి కూడా ఫోన్‌లో చెప్పలేదు.

"పెట్టనివ్వకండి" అన్నాను. "ఆయన్ని కాసేపు బయట ఉండమనండి. మీరు మీ అత్త దగ్గర కూర్చుని, ముక్కు దగ్గర వేలు ఉంచండి. ఊపిరి లేదని మీకు నమ్మకం కుదిరేదాకా వేలు తీయకండి."

ఆమె ఎందుకని అడగలేదు. ఫోన్ కట్ చేయకుండా పక్కన పెట్టినట్టుంది, కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. నేను కూడా కట్ చేయలేదు. అటు నుంచి "ఇప్పుడు తీస్తున్నాను" అన్న మాట వచ్చేదాకా, నా చూపుడు వేలు నా ముక్కు కిందే ఉందని నాకు తెలియలేదు.